"ఆయన దేవుడు గదా, మా బాధ ఆయనకేం తెలుస్తుంది?" సండే స్కూల్ పిల్లోడికి ఏం చెప్పాలి

దర్శి_టీచర్

మాది దర్శి పక్కన పల్లె. ఆదివారం ఆరాధనకు ముందు పిల్లలకు క్లాసు చెప్తాను. రెండో తరగతి నుంచి ఏడో తరగతి దాకా అందరూ ఒకే పట్టా మీద. సగం మంది అమ్మానాన్నలు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు పోయినవాళ్ళే. పిల్లలు అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో ఉంటారు.

పోయిన ఆదివారం కంఠత వాక్యం హెబ్రీ 4:15. "మన ప్రధానయాజకుడు మన బలహీనతలయందు మనతో సహానుభవము లేనివాడు కాడు" అని అందరితో చెప్పించాను. యేసయ్య కూడా మనలాగే మనిషిగా బతికాడు, మన కష్టం ఆయనకు తెలుసు అని వివరిస్తుంటే మూడో తరగతి పిల్లోడు చెయ్యెత్తాడు. "టీచర్, ఆయన దేవుడు గదా. ఆకలైతే రొట్టెలు చేసుకుంటాడు. జ్వరమొస్తే తగ్గించుకుంటాడు. మా అమ్మ సంక్రాంతికి గానీ రాదు. ఆయనకేం తెలుస్తుంది?"

మామూలుగా వాడు ఏమన్నా మిగతావాళ్ళు నవ్వుతారు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు, అందరూ నా మొహమే చూస్తున్నారు. అప్పటికే పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు, వచ్చే వారం చెప్తానని ఆపేశాను. మా పాస్టరు అయ్యగారిని అడిగితే "విశ్వసించాలని చెప్పమ్మా" అన్నారు. ఆ మాటతో వాడు ఊరుకోడు. మీ దగ్గర ఎలా చెప్తున్నారు?

పెన్నా_గట్టు

సాతాను అడిగిందీ అదే గదా, "ఈ రాళ్ళు రొట్టెలగునట్లు ఆజ్ఞాపించుము" అని. చేసుకోగలడు, చేసుకోలేదు. అక్కడ నుంచి మొదలుపెట్టండి. మత్తయి 4.

ఒంగోలు_గిత్త

ఏందన్నా, మూడో తరగతి పిల్లోణ్ణి తీసుకుపోయి సాతాను పక్కన నిలబెట్టావు.

కావలి_మాస్టారు

నలభై రోజుల ఉపవాసం పెద్దలకు బాగుంటుంది గానీ మూడో తరగతికి దూరం. వాడికి చిన్న చిన్నవి చెప్పండి, సువార్తల్లో బోలెడు ఉన్నాయి. యోహాను 4లో నడిచి నడిచి అలిసిపోయి మిట్టమధ్యాహ్నం బావి దగ్గర కూలబడ్డాడు. శిష్యులు తిండి కొనడానికి ఊళ్ళోకి పోయారు. బావి లోతు, చేదుకోడానికి ఈయన దగ్గర ఏమీ లేదు. ముక్కూ మొహం తెలియని ఆవిడను "దాహానికియ్యి" అని అడగాల్సి వచ్చింది. మే నెలలో నాలుక పిడచకట్టుకుపోవడం అంటే ఏందో మన జిల్లా పిల్లలకు వేరే చెప్పాలా?

ఇంకోటి. పడవలోకి నీళ్ళు వస్తుంటే ఆయన వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. ఆ తలగడ సంగతి మార్కు ఒక్కడే రాశాడు. పిల్లలకు అట్లాంటివి పట్టుకుంటాయి. "సమస్త విషయములలోను" అని మొదలుపెడితే ఏమీ అందదు. నేను ముప్పై ఏళ్ళ పైన బడిలో పాఠం చెప్పినవాణ్ణి, సిద్ధాంతం విని తలూపిన పిల్లలంతా పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చినవాళ్ళే.

కొత్తపట్నం_అల

మాస్టారు చెప్పిన తలగడ నాకు భలే ఇష్టం. మా నాన్న వేటకు పోయే మనిషి. రాత్రంతా వల వేసి లాగి తెల్లారుజామున వచ్చేటప్పుడు పడవలో చెక్క మీదే పడిపోతారు. అల వచ్చి మొహం మీద కొట్టినా కదలరు. మా సండే స్కూల్లో ఆ కథ చెప్పినప్పుడల్లా తుఫానును గద్దించిన చోటుకు పరిగెత్తేవాళ్ళు. నాకు మాత్రం ఆ నిద్ర దగ్గరే ఆగాలనిపించేది. అంత అలిసిపోయిన మనిషిని రోజూ ఇంట్లో చూసేదాన్ని కాబట్టేమో.

సువార్త_సైనికుడు

ఒక హెచ్చరిక. మనిషి మనిషి అని ఆయన్ను మరీ కిందికి దించకండి. ఇప్పటి పిల్లలు యేసయ్య గురించి పక్కింటి ఫ్రెండు గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఆయన సృష్టికర్త. ముందు భయభక్తులు నేర్పాలి. ఆ వచనంలోనే "పాపము లేనివాడుగా ఉండెను" అని ఉంది. అది వదిలేసి మొదటి సగమే చెప్తే రేపు "యేసయ్య కూడా మాలాంటోడే" అని అబద్ధాలు, బూతులు అన్నీ మొదలుపెడతారు.

ఒంగోలు_గిత్త

బూతులు నేర్చుకోడానికి అంత దూరం ఎందుకు బ్రదర్, మా ఊళ్ళో షేర్ ఆటో ఎక్కితే చాలు.

గుండ్లకమ్మ

సైనికుడు బ్రదర్, కిందికి దించడం అనే మాట కాస్త ఆలోచించండి. సంఘ చరిత్రలో మొట్టమొదట వచ్చిన గొడవల్లో ఒకటి, ఆయన నిజంగా మనిషి కాడు, మనిషిలా కనిపించాడంతే అన్నవాళ్ళతోనే. 1 యోహాను 4:2-3లో యేసుక్రీస్తు శరీరధారియై వచ్చెనని ఒప్పుకోని ఆత్మ గురించి రాసింది అందుకే. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ కూడా ఉత్తరాల్లో ఇదే పట్టుకుని వాదించాడు, ఆయన నిజంగా పుట్టాడు, నిజంగా తిన్నాడు, తాగాడు, నిజంగా చనిపోయాడు అని.

తర్వాత నాలుగో శతాబ్దంలో అపొల్లినారిస్ అనే ఆయన ఒకటి చెప్పాడు. యేసుకు శరీరం మనిషిదే, లోపల మనసు ఉండాల్సిన చోట మాత్రం దైవమే ఉంది అన్నాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని తోసేసింది. 451లో చాల్సెడాన్ సభ పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని తేల్చింది.

టీచర్ గారి పిల్లోడు పేరు తెలియకుండానే అపొల్లినారిస్ దగ్గరికి పోయాడు. లోపల అంతా దేవుడే అయితే ఇంక భయమేంది, దిగులేంది అంటున్నాడు. సంఘం వెతుక్కున్న జవాబు, లోపల కూడా మనిషే అని. పిల్లలకు ఈ పేర్లు చెప్పమని కాదు. టీచరుకు తెలిసుంటే మాట తడబడదు.

ఒంగోలు_గిత్త

చాల్సెడాన్ అంటే టంగుటూరు టోల్‌గేట్ దాటాకనా?

గుండ్లకమ్మ

టర్కీ, ఇస్తాంబుల్‌కు ఎదురు ఒడ్డు. టోల్‌గేట్లు శానా దాటాలి తమ్ముడూ.

మూలాపేట_అమ్మ

మావోడికి పదేళ్ళు. లూకా 2లో పన్నెండేళ్ళ యేసయ్య కథ చదువుతుంటే ఆపి, "అమ్మకు చెప్పకుండా మూడ్రోజులు గుళ్ళో ఉండిపోయాడా? నేనుంటే తోలు తీస్తావు గదా" అన్నాడు. సైనికుడు గారు, పాపం లేనివాడు అన్నారు గదా, దీనికి జవాబు మీరే చెప్పాలి.

సువార్త_సైనికుడు

తండ్రి పనిమీద ఉన్నాడని అక్కడే రాసి ఉంది సిస్టర్. దేవుని పని ముందు, తల్లిదండ్రులు తర్వాత.

మూలాపేట_అమ్మ

ఈ జవాబు మావోడికి చెప్తే హోంవర్కు ఎగ్గొట్టి చర్చిలో ఆడుకుంటాడు.

ఉపదేశి_మనవడు

మేం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్కులం). సత్యోపదేశం క్లాసులో ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో వస్తుంది. పస్కా పండక్కి ఊళ్ళకు ఊళ్ళు కలిసి నడిచి పోయేవి. నజరేతు నుంచి యెరూషలేము నూరు కిలోమీటర్ల పైమాటే. తిరుగు దారిలో చుట్టాల గుంపులో ఎక్కడో ఉంటాడులే అనుకుని ఒక రోజు ప్రయాణం చేశాక చూసుకున్నారు. నెల్లూరు పిల్లకాయలకైతే రొట్టెల పండగ చెప్పండి. స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో పిల్లలు తప్పిపోతే మైకులో పేర్లు చదువుతుంటారు చూడండి, అట్లాంటి గుంపు. యెరూషలేములో మైకు కూడా లేదు. మరియమ్మ టెన్షన్ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఆమె గట్టిగానే అడిగింది, "కుమారుడా, మమ్మును ఎందుకీలాగు చేసితివి" అని. లూకా ఆ మాట దాచలేదు.

తర్వాత 51, 52 వచనాలు కూడా చదివించండి. ఇంటికి పోయి లోబడి ఉన్నాడు. జ్ఞానంలోనూ వయసులోనూ పెరిగాడు. పెరిగాడు అంటే నేర్చుకున్నాడనే గదా. పుట్టగానే అన్నీ వచ్చేసి కూర్చోలేదు.

మూలాపేట_అమ్మ

అయితే ఎక్కాలు కూడా నేర్చుకున్నాడా అంటాడు చూడండి.

ఒంగోలు_గిత్త

పదమూడో ఎక్కం దగ్గర అద్భుతం చేసుంటాడు.

సువార్త_సైనికుడు

పరాచికాలకు హద్దుండాలి.

ఉదయగిరి_చెక్క

గిత్త అన్న జోకుగా అన్నాడు గానీ ఆ పిల్లోడి అసలు డౌటు అదే. అవసరమైనప్పుడు అద్భుతం చేసుకుంటాడు గదా అని.

మాది ఉదయగిరి. ఇంట్లో నర్ది చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తారు. మొన్న వేసవిలో విబిఎస్‌కి (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ స్కూలు) మార్కు 6:3 పాఠం నాకిచ్చారు. ఊరోళ్ళు "ఇతడు వడ్లవాడు కాడా?" అని చులకనగా అంటారు చూడండి, అది. నేను సగం చెక్కిన గరిటెలు ఒక సంచినిండా తీసుకుపోయి, తలా ఒకటీ ఇచ్చి, గరుకు కాగితంతో నున్నగా చేయమన్నా. కాసేపటికి వేళ్ళు ఎర్రబడ్డాయి, సణుగుడు మొదలైంది. ఒక పాపకు బొటనవేలి గోరు కింద పేడు దిగింది. పిన్నీసుతో తీస్తుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "యేసయ్యకి కూడా గుచ్చుకునేదా అన్నా?" అంది. గుచ్చుకునే ఉంటది, ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఊళ్ళోనే ఉన్నాడు, ఆ పనే చేశాడు అన్నా. "అద్భుతం చేసి తీసేసుకునేవాడా?" అంది వెంటనే.

అప్పుడు యోహాను 2:11 తీయించా. కానా పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షారసం చేసిందే ఆయన మొదటి సూచక క్రియ అని రాసి ఉంది. అంటే అప్పటిదాకా అద్భుతాల్లేవు. పేడు గుచ్చుకుంటే పిన్నీసే. (పిన్నీసు అప్పట్లో లేదని ఎవరూ సరిదిద్దొద్దు.) ఆ తర్వాత చేసినవి కూడా ఎవరి కోసం చేశాడో చూడండి. పెళ్ళివాళ్ళ కోసం, రోగుల కోసం, ఆకలైన జనం కోసం. తన ఆకలికి రొట్టె చేసుకోలేదు, తన దాహానికి బావిలోంచి నీళ్ళు పైకి రప్పించుకోలేదు. సిలువ మీద "దప్పిగొనుచున్నాను" అని అడిగాడు, చిరక ఇచ్చారు.

కొత్తపట్నం_అల

చేప నోట్లో నాణెం? అది పన్ను కట్టడానికి, "నా కొరకును నీ కొరకును" అన్నాడు పేతురుతో. మత్తయి 17. కాబట్టి తన కోసం ఒక్కటీ లేదు అనకండి, బెస్తోళ్ళం ఆ చేపను మర్చిపోం.

ఉదయగిరి_చెక్క

ఒప్పుకున్నా అక్కా. ఆ చేపకు మినహాయింపు.

విబిఎస్_వాలంటీర్

చిన్నప్పుడు మట్టితో పిచ్చుకలు చేసి చప్పట్లు కొడితే ఎగిరిపోయాయని ఒక వీడియో చూశాను. పిల్లలకు అది చూపిస్తే బాగుంటుంది గదా, బాల్యం గురించి తెలుస్తుంది.

గుండ్లకమ్మ

అది నాలుగు సువార్తల్లో లేదు. తోమా పేరుతో తర్వాతి కాలంలో పుట్టిన బాల్య సువార్తలోది. దాంట్లోనే తనకు తగిలిన పిల్లోణ్ణి శపించి చంపినట్టు కూడా ఉంటుంది. అది చూపిస్తే టీచర్ గారు కట్టుకున్నదంతా కూలుతుంది. చెక్క తమ్ముడు ఇప్పుడే కానా చెప్పాడు, అది చాలు. తెలియని చోట "బైబిల్లో రాయలేదు నాన్నా" అని చెప్పేయడమే మేలు. యోసేపు సంగతి చూడండి. పన్నెండేళ్ళ కథ తర్వాత ఆయన మనకు కనబడడు. సిలువ దగ్గర తల్లిని శిష్యుడికి అప్పగించాడంటే అప్పటికి చనిపోయి ఉంటాడని చాలామంది అనుకుంటారు. నాన్న లేని పిల్లలు మీ క్లాసులో ఉంటే ఈ మాట వాళ్ళకు చాలా దగ్గరవుతుంది. "అయి ఉంటుంది" అనే చెప్పండి, "అయింది" అని వద్దు.

ఇంటర్_బాధితురాలు

నేను సండే స్కూల్ దాటిపోయాను గానీ నాకూ ఒక డౌటు. "సమస్త విషయములలోను" అంటారు గదా. ఆయన మగవాడు. నెలనెలా కడుపునొప్పితో కెమిస్ట్రీ పరీక్ష రాయడం ఆయనకు తెలుసా? ఇది మా చర్చిలో అడిగితే అమ్మగారు కళ్ళు పెద్దవి చేశారు.

సువార్త_సైనికుడు

ఇలాంటివి బహిరంగంగా చర్చించేవి కావు.

నర్సు_చిన్నబజారు

ఎందుకు కావు? మార్కు 5లో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన ఆవిడ గురించి మార్కు బహిరంగంగానే రాశాడు. వైద్యుల దగ్గర డబ్బంతా పోగొట్టుకుంది, ఏమాత్రం తగ్గలేదు అని కూడా రాశాడు (ఆ మాట చదివినప్పుడల్లా మా ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరు గుర్తొస్తుంది). గుంపులో వెనక నుంచి వస్త్రం ముట్టుకుంది. ఆయన చీదరించుకోలేదు, "కుమారీ" అని పిలిచాడు.

ఇంటర్ పాపా, నీ ప్రశ్నకు నాకు తోచింది ఇది. ఆయన ప్రతి అనుభవమూ పడలేదు. ముసలితనం చూడలేదు, పిల్లల్ని కనలేదు, ఇంటర్ చదవలేదు. శోధన, నొప్పి, భయం, ఒంటరితనం వీటి అడుగు దాకా పోయాడు. మిగతావి విన్నాడు. పిల్లలకు "అచ్చం నీకు జరిగిందే ఆయనకూ జరిగింది" అని చెప్పకూడదు. వాళ్ళు తెలివైనవాళ్ళు, పట్టేస్తారు.

ఇంటర్_బాధితురాలు

థాంక్స్ అక్కా. అమ్మగారికి స్క్రీన్‌షాట్ పంపనా వద్దా అని ఆలోచిస్తున్నా.

సువార్త_సైనికుడు

నర్సు సిస్టర్, "అడుగు దాకా" అన్నారు గదా, దాంతో నేనూ ఏకీభవిస్తాను. కానీ అది పాపం లేనివాడు కాబట్టే. మనం శోధన వస్తే కాసేపటికి లొంగిపోతాం, అక్కడితో దాని ఒత్తిడి తీరిపోతుంది. ఎంతసేపటికీ లొంగనివాడికే ఆ బరువు మొత్తం తెలుస్తుంది. అందుకే ఆ మాట వదలొద్దన్నాను. నన్ను అందరూ పిల్లల్ని బెదిరించేవాడిలా చూస్తున్నారు.

కావలి_మాస్టారు

ఇది మంచి మాట బ్రదర్, ముందే చెప్పాల్సింది. భయభక్తులు ముందా అనే దాని మీద మాత్రం మీతో పేచీ ఉంది. మన పక్క సంఘాలు ఎలా పుట్టాయో తెలిసిందే గదా. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని పెట్టించాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ వచ్చినవాళ్ళు ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులు. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన దేవుడు, కన్నవాళ్ళు గొర్రెపిల్లకు స్తోమత లేక రెండు పక్షులు అర్పించిన దేవుడు, వాళ్ళకు ముందు భయం పుట్టించి ఉంటాడంటారా?

పెన్నా_గట్టు

గొర్రెపిల్ల సంగతి నాకు కొత్త మాస్టారూ. ఎక్కడుంది?

కావలి_మాస్టారు

లూకా 2:24, దాంతోపాటు లేవీయకాండము 12:8. గొర్రెపిల్ల తేలేని తల్లి రెండు గువ్వలు తేవచ్చని ధర్మశాస్త్రంలో వెసులుబాటు. మరియ యోసేపులు తెచ్చింది ఆ లెక్కే. రేషన్ కార్డు రంగు తెలిసిన పిల్లలు దీన్ని క్షణంలో పట్టుకుంటారు.

రామాలయం_వీధి

మేం హిందువులం, మా పిల్లలు మీ విబిఎస్‌కి ఏటా వస్తారు (బిస్కెట్ ప్యాకెట్ కోసం, దాచేదేముంది). ఈ చర్చ చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. మా నాయనమ్మ రాముడు సీత కోసం చెట్టుచెట్టునూ అడుగుతూ ఏడ్చాడని చెప్తుంటే మాకు ఈ అనుమానం ఎప్పుడూ రాలేదు. దేవుడైతే ఏడవడా అనే అడిగేవాళ్ళం కాదు, మేమూ ఏడ్చేవాళ్ళం.

ఉపదేశి_మనవడు

బహుశా మీ నాయనమ్మ వివరించలేదు, కథ చెప్పింది. మేం వచనం చెప్పి వివరణ మొదలుపెడతాం, అక్కడే పిల్లలకు అనుమానం పుడుతుంది. అన్నట్టు మాస్టారూ, మార్కు 6:3లో యాకోబు, యోసే, యూదా, సీమోను అని వస్తుంది, వాళ్ళను మేం సొంత తమ్ముళ్ళుగా చెప్పం, దగ్గరి బంధువులని చెప్తాం.

సువార్త_సైనికుడు

వాక్యంలో సహోదరులు అని స్పష్టంగా ఉంది.

ఉపదేశి_మనవడు

ఆ కాలంలో అన్నదమ్ముల పిల్లల్ని కూడా అలాగే పిలిచేవాళ్ళు బ్రదర్.

మోడరేటర్

తమ్ముళ్ళ గొడవను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ పిల్లోడి ప్రశ్న దగ్గరే ఉండండి.

బేల్దారి_బిడ్డ

ఇన్ని పోస్టులు చదివా. అందరూ యేసయ్యకు ఏం తెలుసో చెప్తున్నారు. ఆ పిల్లోడికి ఏం తెలుసో ఎవరూ అడగలా.

నేనూ అట్టా పెరిగినోడినే. మా అమ్మా నాన్న బెంగళూరులో ఉండేవాళ్ళు, నేను అవ్వ దగ్గర. ఆదివారం మధ్యాహ్నం పక్కింటి ఫోనుకు అమ్మ చేసేది. వెనకాల కంకర మిషను తిరిగే మోత. సగం మాటలు వినపడేవి కావు, "ఆ, ఆ" అనేవాణ్ణి. చర్చికి పోతే "యేసయ్యకు నీ బాధ తెలుసులేరా" అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆ మాట అన్నాక ఇంక నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఆయనకు తెలుసు గదా, నువ్వు ఊరుకో అన్నట్టు ఉండేది.

ఒక్క టీచరు మాత్రం వేరుగా చేసింది. క్లాసు అయ్యాక నన్ను కూర్చోబెట్టి, "అమ్మ ఎప్పుడు ఎక్కువ గుర్తొస్తది?" అనింది. జ్వరమొచ్చినప్పుడు అంటానేమో అనుకునింది. నేను బడి నుంచి వచ్చి తలుపు గొళ్ళెం తీసేటప్పుడు అన్నా. అవ్వ చేలో ఉంటది గదా, లోపల ఎవరూ ఉండరు. ఆమె ఏమీ బోధించలేదు. గెత్సేమనే తోట చదివింది, మత్తయి 26. ఆయన ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుపోయి, నాకు దిగులుగా ఉంది, నాతో మేలుకుని ఉండండి అన్నాడు. వచ్చి చూస్తే నిద్రపోతున్నారు. మళ్ళా పోయి వచ్చాడు, మళ్ళా నిద్రే. "పిలిస్తే పలికే మనిషి లేకపోవడం ఆయనకు కూడా అయింది. ఇప్పుడు గొళ్ళెం సంగతి ఆయనతో చెప్పుకో, నాకు చెప్పినట్టే" అనింది. చెప్పా. తిట్టినట్టే చెప్పా. ఆమె ఆపలేదు.

కొత్తపట్నం_అల

తిట్టినట్టు అన్నది కీర్తనల్లో బోలెడు ఉంది తమ్ముడూ. 13వ కీర్తన మొదలే ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావు అని. సిలువ మీద ఆయన అన్న "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" కూడా 22వ కీర్తనలోదే. పిల్లలు ప్రార్థనలో సణిగితే మనం నోరు మూయిస్తాం గానీ ఆయన సణిగాడు.

నర్సు_చిన్నబజారు

బేల్దారి తమ్ముడి పోస్టు తర్వాత ఒకటి చెప్పాలి. మా వార్డుకు దెబ్బలతో వచ్చే పిల్లలుంటారు. ఒకసారి ఒక పిల్లకు తోడొచ్చినావిడ "యేసయ్య కూడా కొరడా దెబ్బలు తిన్నాడు, ఓర్చుకోమ్మా" అంటోంది. కొట్టింది సొంత నాన్న, తాగి. నాకు ప్రాణం చివుక్కుమంది. ఆ మాట ఓదార్పు కాదు, పిల్ల నోటికి తాళం. హెబ్రీ 4:15 కంఠత పెట్టించేవాళ్ళు 16 కూడా పెట్టించండి. సమయానికి సహాయం దొరికేలా ధైర్యంగా దగ్గరికి రండి అని ఉంది అక్కడ. సహాయం అనే మాట ఉంది. ఓర్చుకోండి అని లేదు. మీ క్లాసులో పిల్లలెవరైనా ఇలాంటిది చెప్తే ప్రార్థన చేయండి, చేశాక 1098కి ఫోను చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు.

సువార్త_సైనికుడు

ఇంటి గొడవల్లోకి ప్రభుత్వాన్ని పిలవడం కంటే ముందు సంఘ పెద్దలతో మాట్లాడితే మంచిది.

నర్సు_చిన్నబజారు

కుట్లు వేసేది నేను బ్రదర్, పెద్దలు కాదు. 1098.

గుండ్లకమ్మ

నర్సు అక్క మాటే నా మాట.

దర్శి_టీచర్

అందరివీ చదివాను, బేల్దారి_బిడ్డ తమ్ముడి పోస్టు మళ్ళీ మళ్ళీ చదివాను. ఆదివారం దాకా ఆగలేదు, నిన్న సాయంత్రం పిల్లోడి ఇంటికే పోయాను. ఏం బోధించలేదు. అమ్మ ఎప్పుడు గుర్తొస్తుంది అని అడిగితే, చొక్కా గుండీ ఊడిపోయినప్పుడు అన్నాడు. నాయనమ్మకు కళ్ళు ఆనవు, సూదిలో దారం ఎక్కదు. పిన్నీసు పెట్టుకుని బడికి పోతున్నాడు, పిల్లలు ఎగతాళి చేస్తున్నారు. నేను గుండీ కుడుతుంటే, "యేసయ్యను కూడా ఏడిపించేవాళ్ళా?" అని అడిగాడు. మార్కు 3:21 చెప్పాను, ఇంటివాళ్ళే ఆయనకు మతి చలించిందని పట్టుకుపోడానికి వచ్చారని. "ఇంట్లోవాళ్ళేనా?" అని నోరు తెరిచాడు. అదొక్కటే వాడికి బాగా నచ్చినట్టుంది, వాళ్ళ నాయనమ్మకు కూడా పోయి చెప్పాడు.

ఆదివారానికి మార్కు 5లో యాయీరు కూతురి కథ పెట్టుకుంటున్నాను. పన్నెండేళ్ళ పిల్ల. "తలీతాకుమీ" అని లేపిన తర్వాత, అందరూ ఆశ్చర్యంలో మునిగి ఉంటే, ఆయన "ఆ పిల్లకు ఏదైనా తిండి పెట్టండి" అంటాడు. ఇన్నేళ్ళు చదివి కూడా ఆ ముక్క దగ్గర ఆగి చూడలేదు. ఆకలి తెలిసినవాడికే అది గుర్తొస్తుంది. ఎవరి దగ్గరైనా ఆ పాఠానికి బొమ్మల చార్టు ఉందా? మా దగ్గరున్నదాంట్లో ఆయన అంగీ మీద ఒక్క మరక లేదు, తల చుట్టూ వెలుగు. ఆయనకు చెమట పట్టిందంటే పిల్లలు నమ్మరు.

ఉదయగిరి_చెక్క

మా తమ్ముడు గీస్తాడు. కాళ్ళకు దుమ్ముతో, చేతికి కాయలతో గీయమంటా.

ఒంగోలు_గిత్త

చెమట మర్చిపోవద్దు. ఒంగోలు మే నెల చెమట.

మూలాపేట_అమ్మ

గీశాక ఇక్కడ పెట్టు తమ్ముడూ, మాకూ కావాలి. మావోడికి రంగులు వేసే పని ఇస్తే ఎక్కాల గోల ఆపుతాడు.

దర్శి_టీచర్

రంగులు వద్దు, గీతలు చాలు. ఎ4 సైజు మించకుండా చూడు తమ్ముడూ. మా ఊరి జెరాక్స్ ఆయన దగ్గర అంతకంటే పెద్ద కాగితం లేదు.